అభయవనానికి ఆరవ భాగం: శేషాచల రక్షణలో శాసనకర్తల ధర్మం

ఓం నమో వేంకటేశాయ.

అలిపిరి పాదాల మండపం వద్ద బ్రాహ్మీముహూర్తం నుండే భక్తజన సంచారం ఆరంభమవుతుంది. శ్రీవారి పాదుకలను శిరస్సున ధరించి ప్రదక్షిణం చేసేవారు, తొలి మెట్టుపై కర్పూరం వెలిగించి సాగిలపడేవారు, మెట్టు మెట్టుకూ పసుపు కుంకుమలు అద్దుతూ మ్రొక్కు చెల్లించే సువాసినులు కనబడతారు. వీరందరి ముందూ ఉన్నవి 3,550 మెట్లు. ఈ స్థలనామానికి మూలం ‘అడిప్పుళి’, అనగా కొండ అడుగున ఉన్న చింతచెట్టు, అని పెద్దలు చెబుతారు. ఆ చింత నీడలోనే తిరుమలనంబి భగవద్రామానుజులకు శ్రీమద్రామాయణ రహస్యార్థాలను ఉపదేశించారని సంప్రదాయ ప్రతీతి. ఆ ప్రతీతిని బట్టి తిరుమల యాత్ర ఒక వృక్షం పేరుతో ఆరంభమవుతున్నది.

ఇదే సోపానమార్గంలో 2023 జూన్ మాసంలో మూడేళ్ల బాలుని ఒక చిరుత నోట కరచుకొని పోయింది; భక్తులు, రక్షకభటులు వెంబడించగా విడిచిపెట్టింది, బాలుడు బ్రతికాడు. ఆగస్టు మాసంలో మాత్రం అదృష్టం తోడు రాలేదు. తల్లిదండ్రులతో కలసి గోవింద నామస్మరణ చేస్తూ మెట్లెక్కుతున్న ఆరేళ్ల బాలిక లక్ష్మీనరసింహస్వామి ఆలయ ప్రాంతంలో చిరుత వాత పడింది. మరునాటి ఉదయం ఆ పసిదేహం అడవిలో లభించింది. అటుపిమ్మట బోనులు పెట్టారు, కొన్ని చిరుతలను పట్టారు, మధ్యాహ్నం 2 గంటల తరువాత చిన్నపిల్లలను కాలినడకన అనుమతించరాదని నియమించారు, నడచి వెళ్లేవారి చేతికి కర్రలు ఇచ్చారు. ఇవన్నీ ఆపద వచ్చిన తరువాత చేసినవి. ఆపద రాకముందు చేయవలసినవి ఏవి, వాటికి ధనం ఎవరు సమకూర్చవలెను అన్న ప్రశ్న మాత్రం ఆ సంవత్సరం వార్తలతోపాటే మరుగున పడింది.

ఆ ప్రశ్నకు సమాధానం చెప్పవలసిన స్థానం అమరావతిలోని శాసనసభ. అడవి నుండి ఆదాయం గ్రహిస్తున్న రాజ్యం ఆ ఆదాయంలో ఒక నిశ్చిత భాగాన్ని అడవి రక్షణకు శాసనబద్ధంగా తిరిగి ఇవ్వవలెను. ఇది నూతన సిద్ధాంతం కాదు. మన రాజధర్మశాస్త్రాలు ఏనాడో విధించిన కర్తవ్యం.

గిరి విగ్రహమైతే వనం దాని అవయవం

శేషాద్రి, నీలాద్రి, గరుడాద్రి, అంజనాద్రి, వృషభాద్రి, నారాయణాద్రి, వేంకటాద్రి అనే ఏడు శిఖరాలు ఆదిశేషుని సప్తఫణాలని పురాణాలు వర్ణిస్తాయి. ఈ కొండ సాలగ్రామమయం కనుక పాదాలు మోపుటకు వెరచి భగవద్రామానుజులు మోకాళ్లపై ప్రాకి ఎక్కిన చోటే మోకాళ్ల పర్వతమని సంప్రదాయజ్ఞులు చెబుతారు. బాలుడైన అన్నమయ్య చెప్పులతో ఎక్కి అలసి సొలసి నిద్రించగా, అలమేలుమంగ తల్లి దర్శనమిచ్చి, పాదరక్షలు విడిచి చూడుమని బోధించినదీ అక్కడే. ఒక పర్వతాన్ని భగవద్విగ్రహంగా దర్శించే సంప్రదాయానికి, ఆ పర్వతంపై మొలచిన వృక్షం, సంచరించే మృగం విగ్రహానికి అన్యములు కాజాలవు. విగ్రహానికి నిత్యాభిషేకం చేస్తూ దాని చేతివ్రేళ్లు విరుగుతుంటే చూస్తూ ఊరుకునే అర్చకుడు ఎక్కడైనా ఉంటాడా?

ఆ అవయవాలు సామాన్యమైనవి కావు. రక్తచందనం లోకంలో సహజంగా పెరిగేది తూర్పు కనుమల దక్షిణ భాగంలోనే. కడప, చిత్తూరు, నెల్లూరు ప్రాంతపు కొండలే దాని పుట్టినిల్లు. స్థానికులు ‘పెరిత’ అని పిలిచే ప్రాచీన సైకస్ వృక్షజాతికి ఈ కొండలే స్వస్థానం. దాని అంతర్జాతీయ వాణిజ్యం కఠిన నియంత్రణలో ఉన్నది. తెల్లకరక, కొండగుగ్గిలం, జాలారి వంటి విశిష్ట వృక్షాలు ఇక్కడ ఉన్నవి. కంచి వరదరాజస్వామి ఆలయంలో బంగారు బల్లిని స్పృశించి వచ్చే భక్తులలో చాలామందికి, సజీవమైన బంగారు బల్లి ఒకటి తిరుమల కొండల రాతి పగుళ్లలో నివసిస్తున్నదని తెలియదు. దేవాంగపిల్లి, రేచుకుక్క, కణితి, దుప్పి, కొండగొర్రె, ఎలుగు, చిరుత, ఇవన్నీ ఆ స్వామి పరివారమే.

రాజ్యం కూడా దీనిని గుర్తించకపోలేదు. 1989లో సుమారు 353 చదరపు కిలోమీటర్ల అరణ్యం శ్రీ వేంకటేశ్వర జాతీయ ఉద్యానవనం అయింది. 2010లో 4,755 చదరపు కిలోమీటర్ల పరిధిని శేషాచల జీవావరణ పరిరక్షణ ప్రాంతంగా ప్రకటించారు. ఆంధ్రప్రదేశ్‌లో ఆ గౌరవం పొందిన తొలి అరణ్యం ఇదే. తిరుపతి సమీపంలో 1987లో నెలకొల్పిన శ్రీ వేంకటేశ్వర జంతు ప్రదర్శనశాల ఆసియా ఖండంలోని అతి విశాలమైన వాటిలో ఒకటి. నామకరణాలు ఘనంగానే జరిగాయి. కానీ శిశువుకు నామకరణం చేసినంత మాత్రాన పోషణ జరిగినట్లు కాదు. అన్నప్రాశన మరచిన నామకరణం శిశువుకు మేలు చేయదు.

రాజధర్మంలో షడ్భాగం

ప్రజల ఆదాయంలో ఆరవ భాగం పన్నుగా గ్రహించే అధికారం రాజుకు ఉన్నదని ధర్మశాస్త్రాలు అంగీకరించాయి. ఆ అధికారం నిరపేక్షం కాదు. అది రక్షణకు ప్రతిఫలం. రక్షించే రాజుకు ప్రజలు ఆచరించే ధర్మంలో ఆరవ భాగం పుణ్యంగా లభిస్తుందని, రక్షించని రాజుకు వారి అధర్మంలో ఆరవ భాగం పాపంగా సంక్రమిస్తుందని మనుస్మృతి ఎనిమిదవ అధ్యాయం విధిస్తుంది. పన్ను గ్రహించి రక్షణ చేయని ప్రభువును అది అతి తీవ్రమైన మాటలతో నిందిస్తుంది.

ఈ సూత్రాన్ని కౌటిల్యుడు అరణ్యానికి అన్వయించిన తీరు ఈనాటి శాసనకర్తలు తప్పక పరిశీలించవలసినది. అర్థశాస్త్రం రెండవ అధికరణంలో వనద్రవ్యాలను చూచుకొనే కుప్యాధ్యక్షుడు, గజవనాలను కాపాడే నాగవనాధ్యక్షుడు, జీవహింసను నియంత్రించే సూనాధ్యక్షుడు వేర్వేరుగా కనబడతారు. అభయమిచ్చిన వనాలలో మృగాలను, పక్షులను, మత్స్యాలను బంధించినవానికి, చంపినవానికి దండన ఉన్నది. ఏనుగును చంపినవానికి మరణదండనే. అన్నింటికంటె ఆశ్చర్యకరమైన విధి మరొకటి: సజీవంగా పట్టుబడిన పక్షులలో, మృగాలలో ఆరవ భాగాన్ని అభయవనాలలో తిరిగి విడిచిపెట్టవలెనట. అనగా అడవి నుండి రాజ్యం గ్రహించే ప్రతి సందర్భంలోనూ అడవికి ఆరవ భాగం ఋణపడి ఉంటుంది. నేడు మనం వాడే ‘అభయారణ్యం’ అన్న మాటలో ఆ అభయవన భావనే ధ్వనిస్తున్నది. మాటను ఉంచుకొని, మాట వెనుక ఉన్న షడ్భాగాన్ని మరచితిమి.

అశోక చక్రవర్తి శాసనాలు గుత్తి సమీపాన కర్నూలు జిల్లా ఎర్రగుడి శిలలపై నేటికీ ఉన్నవి. మనుష్యులకు, పశువులకు చికిత్స, ఓషధీ మొక్కల పెంపకం, మార్గాలలో వృక్షారోపణం రాజకార్యాలని ఆ రెండవ శిలాశాసనం చాటుతుంది. రాయలసీమ రాతిపై ఇరవై రెండు శతాబ్దాల క్రితమే చెక్కిన మాట ఇది.

ఆధునిక భారత రాజ్యాంగం ఈ ధర్మానికి దూరంగా లేదు. 1976 నాటి 42వ సవరణ ద్వారా చేర్చిన 48-ఏ అధికరణం అడవులను, వన్యప్రాణులను కాపాడుట రాజ్యం కర్తవ్యమని పేర్కొంటున్నది. అదే సవరణతో వచ్చిన 51-ఏ అధికరణం ప్రాణికోటిపై కరుణ చూపుట ప్రతి పౌరుని విధి అని నిర్దేశిస్తున్నది. భూతదయను చట్టంలో వ్రాసుకున్న దేశం మనది. శాసనసభ్యులు పదవీ ప్రమాణం చేసేది ఈ రాజ్యాంగంపైనే.

రక్తచందనం చెప్పే లెక్క

అడవి రాజ్యానికి ఏమీ ఇవ్వడం లేదు, కేవలం వ్యయమే అని వాదించేవారు రక్తచందనం సంగతి గమనించవలెను. అక్రమంగా నరికి, పట్టుబడిన దుంగలను ప్రభుత్వం అంతర్జాతీయ స్థాయిలో వేలం వేసి విశేష ధనం ఆర్జించింది. ఆ ధనం ఎటు పోవలెనన్న విషయంలో 2014లో ఒక మాట వినబడింది: వేలపు ఆదాయాన్ని రైతుల ఋణవిమోచనానికి వినియోగిస్తామని. రైతు ఋణం తీర్చుట పుణ్యకార్యమే; అందులో సందేహం లేదు. కానీ ఆ ధనం ఎవరి నెత్తుటి నుండి వచ్చినదో, వారి ఋణం ఎవరు తీరుస్తారు?

నెత్తురు అన్న మాట ఇక్కడ అలంకారం కాదు. 2013 డిసెంబరులో శేషాచల అడవిలో ఇద్దరు అటవీ అధికారులను దుంగల దొంగలు కొట్టి చంపారు. 2015 ఏప్రిల్ 7న చంద్రగిరి సమీప అరణ్యంలో జరిగిన కాల్పులలో తమిళనాడు నుండి చెట్లు నరుక వచ్చిన 20 మంది మరణించారు. ఆ సంఘటనలోని న్యాయాన్యాయాలను నిర్ణయించుట న్యాయస్థానాల పని. ధర్మదృష్టికి కనబడేది మాత్రం ఒకటే: చేతికి గొడ్డలి ఇచ్చి పంపిన ధనికుడు ఎక్కడో సుఖంగా ఉన్నాడు, కూలికి వచ్చిన పేదవాడు, జీతానికి కాపలా కాచిన ఉద్యోగి అడవిలో ప్రాణాలు విడిచారు. కాపలా బలంగా ఉన్న అడవిలోకి గొడ్డలి ప్రవేశించుట కష్టం. ప్రవేశించనిచోట కాల్పుల అవసరమే రాదు. నిత్యరక్షణకు చేసే వ్యయం మనుష్యప్రాణాలను కూడా కాపాడుతుంది.

ఒక మంచి దృష్టాంతం ఇప్పటికే మన ముందున్నది. 2002 నాటి జీవవైవిధ్య చట్టం ప్రకారం, జీవసంపదను వ్యాపారానికి వాడుకున్నవారు లాభంలో కొంత చెల్లించవలెను. అట్లు రక్తచందన వ్యాపారం ద్వారా సమకూరిన ధనం నుండి జాతీయ జీవవైవిధ్య ప్రాధికార సంస్థ 2025లో ఆంధ్రప్రదేశ్ అటవీశాఖకు 38 కోట్ల రూపాయలకు పైగా ఆ వృక్షరక్షణకే విడుదల చేసింది. కొండసొమ్ము కొండకు చేరే మార్గం చట్టంలో ఉన్నదని దీనివలన స్పష్టం. కేంద్రస్థాయిలో సాధ్యమైనది రాష్ట్రస్థాయిలో ఎందుకు సాధ్యం కాకూడదు? దుంగను వేలం వేసి ప్రధాన ఆదాయం పొందేది రాష్ట్ర ఖజానాయే కదా.

అకాలంలో వచ్చే ధనం

ధనం ఎంత అన్నది ఒక ప్రశ్న. ఎప్పుడు అన్నది అంతకంటె పెద్ద ప్రశ్న. సంధ్యావందనంలో అర్ఘ్యానికి కాలం దాటితే ప్రాయశ్చిత్తార్ఘ్యం ఇవ్వవలెను. అరణ్యానికి కాలం దాటితే ప్రాయశ్చిత్తమే లేదు.

శేషాచలంలో దావాగ్ని భయం మాఘ ఫాల్గుణాలలో మొదలై వైశాఖం వరకు ఉంటుంది. ఆకురాల్చే అడవి ఎండి, బోద గడ్డి మోకాలెత్తున నిలిచి, చిన్న నిప్పురవ్వకు సిద్ధంగా ఉంటుంది. మంటలు ప్రాకకుండా నడుమ నడుమ గడ్డిని తొలగించి వేసే అగ్నిరేఖలు సంక్రాంతి నాటికే పూర్తికావలెను. అగ్నిని కనిపెట్టే కాపలావారిని అప్పటికే నియమించవలెను. మృగాలు నీటికోసం దారి తప్పకుండా సాసర్ గుంటలను వేసవికి ముందే బాగుచేసి నింపవలెను. ఆర్థిక సంవత్సరం చివర, మార్చి మాసాంతంలో వచ్చే ధనం ఈ పనులలో దేనికీ పనికిరాదు. ఇల్లు కాలుతుండగా బావి త్రవ్వినట్లే అవుతుంది. 2014 మార్చిలో తిరుమల సమీప అరణ్యం అంటుకున్నప్పుడు వైమానిక దళ హెలికాప్టర్లను రప్పించి ఆకాశం నుండి నీరు చల్లవలసి వచ్చింది. ఆ ఒక్క దృశ్యం చాలును, సకాలంలో పెట్టే చిన్న వ్యయానికి, అకాలంలో పెట్టే పెద్ద వ్యయానికి ఉన్న భేదం తెలియుటకు.

ఇందులో మరొక ముడి ఉన్నది. వన్యప్రాణి ఆవాసాల అభివృద్ధికై కేంద్రం నడిపే పథకంలో కొన్ని వ్యయాలను పూర్వం కేంద్రమే పూర్తిగా భరించేది. దశాబ్దం క్రితం పద్ధతి మారి, సాధారణ రాష్ట్రాలకు కేంద్రం 60 పాళ్లు, రాష్ట్రం 40 పాళ్లు అన్న నియమం ఏర్పడింది. కేంద్రం తగ్గించిన మేరకు రాష్ట్రం పూరించవలెను. రాష్ట్రం తన వాటాను ఆలస్యం చేస్తే కేంద్రం వాటా కూడా నిలిచిపోతుంది. అప్పుడు 40 రూపాయలు మిగిలినవని అనుకొనే రాష్ట్రం వాస్తవానికి 100 రూపాయల పనిని కోల్పోతుంది. శ్రాద్ధానికి భోక్తలను పిలిచి, వంటకు బియ్యం ఇవ్వక, ‘పిలుపు మాది, వంట వారిది’ అని తప్పుకున్నట్లు ఉంటుంది ఈ స్థితి.

అడవిని కాపాడేది శాసనం కాదు, శాసనాన్ని మోసే మనిషి. బేస్ క్యాంపులో నలుగురైదుగురు కలసి వండుకొని తిని, రాత్రింబగళ్లు గస్తీ తిరిగే కాపలావారిలో అనేకులు తాత్కాలిక వేతనంపై పనిచేసే స్థానికులు, గిరిజనులు. కేటాయింపు ఆగితే మొట్టమొదట ఆగేది వారి కూలియే. 2025లో రాష్ట్ర ప్రభుత్వం 691 అటవీ బీట్ అధికారుల, సహాయ బీట్ అధికారుల నియామకానికి ప్రకటన వెలువరించింది, ఇది స్వాగతించదగినది. అన్ని స్థానాలు ఒక్కసారిగా ప్రకటించవలసి వచ్చిందంటే అన్ని బీట్లు ఎంతకాలం దక్షత లేక ఉన్నవో కూడా తలచుకోవలెను.

చిరుత సోపానమార్గానికి ఎందుకు వస్తున్నదన్న దానికి సమాధానం కూడా ఇక్కడే ఉన్నది. మార్గం పొడవునా పడవేసిన తినుబండారాలకు కుక్కలు, పందులు, దుప్పులు చేరతాయి; వాటికోసం చిరుత వస్తుంది. దానికి పగ లేదు, పాపచింతన లేదు; ఆకలి మాత్రమే ఉన్నది. లోపలి అడవిలో గడ్డి, నీరు, ఎర సమృద్ధిగా ఉంటే, మార్గం పరిశుభ్రంగా ఉంటే, కెమెరా ట్రాప్‌లతో దాని సంచారం ముందుగా తెలిస్తే, భక్తునికీ చిరుతకూ ఎదురుపడే అవసరం చాలావరకు తప్పుతుంది.

ఏనుగుల విషయమూ ఇట్టిదే. 1980 దశకంలో పొరుగు రాష్ట్రాల నుండి చిత్తూరు అడవులకు ఏనుగులు తరలివచ్చాయి. వాటికై 1990లో కౌండిన్య అభయారణ్యం ఏర్పడింది. 2025 మహాశివరాత్రి సమయంలో తలకోనకు అటవీమార్గాన నడచిపోతున్న భక్తులపై ఓబులవారిపల్లె మండలం గుండాలకోన వద్ద ఏనుగులు దాడిచేయగా ముగ్గురు మరణించారు. అదే సంవత్సరం మే మాసంలో కర్ణాటక ప్రభుత్వం నాలుగు కుమ్కీ ఏనుగులను ఆంధ్రప్రదేశ్‌కు అప్పగించింది. కుమ్కీలు ఏనుగులను మళ్లిస్తాయి. మళ్లించిన ఏనుగు నిలువవలెనంటే అడవిలో మేత, నీరు ఉండవలెను.

మూడు ఆక్షేపణలు

మొదటి ఆక్షేపణ: రాష్ట్ర ఖజానా కష్టస్థితిలో ఉన్నది, ప్రజలకు అన్నం, విద్య, వైద్యం ముందు, చెట్లూ మృగాలూ తరువాత. ఈ మాటలో కరుణ ఉన్నది కానీ దృష్టి సంకుచితం. స్వర్ణముఖి, కల్యాణి వంటి ప్రవాహాలకు, కపిలతీర్థానికి దూకే ధారకు, పాపవినాశన, ఆకాశగంగలకు నీరిచ్చేది ఈ అడవియే. 2021 నవంబరు వర్షాలలో కొండ నుండి దిగిన వరద తిరుపతి వీధులను ముంచెత్తింది. శ్రీవారి మెట్టు మార్గం ధ్వంసమైంది. డిసెంబరు 1న కొండచరియలు విరిగి కనుమదారిపై పడ్డాయి. అంతటి వర్షాన్ని ఏ అడవీ పూర్తిగా ఆపలేదన్నది నిజమే. కానీ వేర్లు పట్టి ఉంచిన మట్టి ఎంత పదిలమో, వేర్లు లేని మట్టి ఎంత ప్రమాదమో రైతుకు తెలియనిది కాదు. నీటిని ఇచ్చేదానికి పెట్టే వ్యయం అన్నానికి పెట్టే వ్యయమే.

రెండవ ఆక్షేపణ: తిరుమల తిరుపతి దేవస్థానానికి కొరత ఏమిటి? 2025-26కు దాని వార్షిక బడ్జెట్ 5,258 కోట్ల రూపాయలు. ఆ సంస్థే భరించవచ్చును కదా. తన అధీనంలోని అడవిని, నడకదారులను దేవస్థానం తప్పక చూచుకోవలెను. ఆ బాధ్యత నుండి అది తప్పించుకొనజాలదు. కానీ హుండీలో పడే ప్రతి రూపాయీ ఒక మ్రొక్కు, ఒక సంకల్పం. 2023లో దేవస్థానం బడ్జెట్‌లో ఒక శాతాన్ని తిరుపతి నగరాభివృద్ధికి ఇవ్వవలెనన్న తీర్మానం వచ్చినప్పుడు భక్తలోకంలో ఎంత క్షోభ కలిగినదో, ప్రభుత్వం దానిని అంగీకరించక తిరస్కరించినదో అందరికీ తెలిసినదే. దేవుని సొమ్ము రాజ్యకర్తవ్యానికి ప్రత్యామ్నాయం కారాదన్న సూత్రం అప్పుడు గెలిచింది. అదే సూత్రం ఇప్పుడూ వర్తించవలెను. దుంగలను అమ్మి ఆదాయం పొందేవారు రాజ్యం, రక్షణ వ్యయం భరించేవారు దేవుడు అన్న విభజన ధర్మసమ్మతం కాదు.

మూడవ ఆక్షేపణ భక్తులలోనే కొందరిది: ఏడుకొండలవాడే రక్షకుడు, మనమెవరము? శరణాగతి ఉత్తమమైనది. అయితే గజేంద్రుడు కూడా తన శక్తి ఉన్నంతవరకు పెనుగులాడి, పిదప మొరపెట్టినాడు. ప్రయత్నం మానుకొనుట శరణాగతి అనిపించుకోదు. సోమరితనానికి భక్తి ముసుగు వేసుకొనుట అపచారం.

శాసనకర్తలకు విన్నపం

ఈ రాష్ట్రానికి సత్సంప్రదాయం లేకపోలేదు. లోకం నుండి అంతరించినదని తలచిన కలివికోడి 1986లో కడప జిల్లాలో మరల కనబడింది. ఆ చిన్న పక్షి కోసం లంకమల్లేశ్వర అభయారణ్యం ఏర్పడింది. దాని నివాసం చెడకుండా తెలుగుగంగ కాలువ మార్గాన్నే మార్చారు. నీటికై తపించే రాయలసీమలో, ఒక పక్షి కోసం కాలువను మళ్లించిన ప్రభుత్వం ఒకనాడు ఉన్నది. ఆ ఔదార్యాన్ని పునరుద్ధరించమనుటయే ఈ విన్నపం.

శాసనసభలోని 175 మంది సభ్యులు, శాసనమండలి సభ్యులు బడ్జెట్ సమావేశంలో అటవీశాఖ పద్దు చర్చకు వచ్చినప్పుడు నాలుగు విషయాలు కోరవలెను.

మొదటిది, రక్తచందనం వేలపు ఆదాయంలో ఆరవ భాగానికి తక్కువ కాకుండా శేషాచల, లంకమల, కౌండిన్య ప్రాంతాల రక్షణకు ప్రత్యేక నిధిగా చట్టం చేయుట. ఉత్తర్వు అయితే ప్రభుత్వంతోపాటు మారుతుంది, చట్టం నిలుస్తుంది.

రెండవది, కేంద్ర పథకాలకు రాష్ట్రం చెల్లించవలసిన వాటాను సంవత్సరారంభంలోనే విడుదల చేయుట. అగ్నిరేఖల, నీటిగుంటల ధనం కార్తికమాసం దాటకుండా క్షేత్రానికి చేరునట్లు నియమించుట.

మూడవది, అడవిని ఇతర పనులకు ఇచ్చినందుకు వసూలు చేసిన పరిహార వనీకరణ నిధిని 2016 నాటి చట్టం ఉద్దేశించిన పనులకే వినియోగించి, ఆ లెక్కను ప్రతి సంవత్సరం సభ ముందు ఉంచుట.

నాలుగవది, కాపలావారికి నెలనెలా తప్పని వేతనం, ప్రమాద బీమా, మరణించినవారి కుటుంబాలకు ఆధారం కల్పించుట. మృగాల వలన నష్టపోయిన రైతుకు పరిహారం సకాలంలో అందించుట. పంట పోయిన రైతుకు కంట నీరు ఆరకముందే పరిహారం అందితే, అతడు కంచెలో కరెంటు తీగ పెట్టడు.

భక్తుల వంతు

అధికారులను అడిగే నోటికి ఆచరణ బలం కావలెను. పంచమహాయజ్ఞాలలో భూతయజ్ఞం ఒకటి. అది గృహస్థునికి నిత్యవిధి. నడకదారిలో దుప్పికి పండు పెట్టుట భూతయజ్ఞం కాదు. ఆ పండు వాసనే రేపు చిరుతను మెట్లపైకి పిలుస్తుంది. ప్లాస్టిక్ సంచి విడువకుండుట, తినుబండారం పారవేయకుండుట, చీకటిపడిన తరువాత పిల్లలను దారి దాటనీయకుండుట, నిషేధించిన చోట నిప్పు వెలిగించకుండుట, ఇదే ఈ కొండపై భూతయజ్ఞం. మ్రొక్కు తీర్చుకొని కొండ దిగిన తరువాత తమ నియోజకవర్గ శాసనసభ్యునికి ఒక ఉత్తరం వ్రాయుట కూడా అందులో భాగమే. దర్శనానికి సిఫారసు లేఖ కోరేందుకు ఆయన వాకిట నిలిచేవారిలో పదిమందికి ఒక్కరైనా, దర్శనమిచ్చే దేవుని కొండకోసం ఒక మాట అడిగితే శాసనసభలో ఆ మాట వినబడక తప్పదు.

శ్రీమద్భాగవతం దశమస్కంధంలో శ్రీకృష్ణుడు మండువేసవిలో గోపబాలురకు బృందావనపు చెట్లను చూపి, ఎండను, వానను, గాలిని తాము భరిస్తూ ఇతరులకు నీడనిచ్చే ఆ చెట్ల జన్మ ఎంత ధన్యమో వివరిస్తాడు. శేషాచల వృక్షాలు కూడా అట్లే నిలిచి ఉన్నవి. యాచించి వచ్చినవానిని రిక్తహస్తాలతో పంపని దాతలవి. ఇన్నాళ్లు వాటి వద్దకు చేతులు చాచిన రాజ్యం ఇప్పుడు ఆరవ భాగం వాటికి సమర్పించవలెను. దానిని దానమని చెప్పుకొనుట కూడా తగదు, అది ఋణవిముక్తి.

2023 ఆగస్టులో తల్లి చేయి విడిచి నాలుగు అడుగులు ముందుకు వేసిన ఆ పసిబిడ్డ గోవిందా అని పిలిచిన దారి అది. అదే దారిలో రేపు మరొక బిడ్డ నడుస్తుంది. ఆ బిడ్డకు అభయం, ఆ చిరుతకు అభయం, రెండూ ఒకే పద్దులో ఉన్నవి. శ్రీవారి దక్షిణహస్తం తన పాదాలను చూపుతూ భక్తులకు శరణు చెబుతున్నది. ఆ పాదాలు మోపిన కొండకు అభయం చెప్పవలసినది శాసనసభ్యుల హస్తం.

సర్వం శ్రీవేంకటేశ్వరార్పణమస్తు.